పలుచని గాజా, మందపు గాజా?

చెన్నై పెరంబూరులో మా తెలుగు క్రైస్తవ సంఘం మందిరానికి కిటికీలు నిర్ణయించే వేళ, 1951లో ప్రతిష్ఠ జరిగిన రెండు ఫ్రెంచి ఆలయాలే నాకు గుర్తుకొచ్చాయి. వాన్స్ ఊరి ఆలయంలో చిత్రకారుడు మతీస్ పలుచని గాజులో పసుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడే రంగులు వాడగా, ఎండ పొద్దుతో పాటు కదులుతూ తెల్లని గోడల మీద, నేల మీద రంగునీడలు పరుస్తుంది. అక్కడ వెలుగంటే అడగకుండానే దిగివచ్చే కృప. పసుపు గాజును మాత్రం ఆయన మసకగా ఉంచాడు కనుక, చూపు బయటికి జారిపోకుండా అక్కడే ఆగుతుంది. ఓదాంకూర్ ఊరి ఆలయంలో మరో చిత్రకారుడు లెజే మందపు గాజు పలకలను కాంక్రీటులో పొదిగించి ముళ్ల కిరీటాన్ని, మేకులను చూపాడు. చీకటి గీతల నడుమ కాంతి అక్కడ శ్రమను దాటి వచ్చినట్లుంటుంది. మా మే నెల ఎండకు రెండోదే నయమని పెద్దలంటున్నారు, అదీ నిజమే. అయినా ఆదివారం ఉదయపు ఆరాధనలో తెల్లచీర కొంగుపై నీలం వాలాలంటే, తూర్పు గోడకు నేను మతీస్ పద్ధతినే కోరుతాను.