కారు స్టిక్కర్లు తీయించబోతున్నారా? బండి ఇచ్చేముందు ఇది చదవండి

విజయవాడలో కారు డిటైలింగ్ (బండిని శుభ్రం చేసి మెరుగుపెట్టే పని) అని పెద్ద పెద్ద బోర్డులు పెట్టుకున్న దుకాణాలకు స్టిక్కర్లు, బ్యాడ్జీలు తీయించడానికి వెళ్తున్నవారు దయచేసి ఆగండి. నా కారు పాడుచేసిన దుకాణం పేరు రాయడం లేదు. అక్కడ బండి కడిగించుకున్నవాళ్లు మీలో చాలామంది ఉంటారు, ఎవరి గురించో మీకే అర్థమవుతుంది. నిన్న సాయంత్రం ఇంటికొచ్చినప్పటి నుంచి కోపం తగ్గలేదు.

కారు సెకండ్ హ్యాండ్‌ది, నా జీతం డబ్బులతో కొనుక్కున్నది. ముదురు నీలం మెటాలిక్ రంగు. పాత యజమాని తలుపుల పొడవునా చారల స్టిక్కర్లు వేయించారు. డిక్కీ మీద షోరూమువాళ్లు అంటించిన పేరు బ్యాడ్జి ఒకటి. ఇవి తీసేయాలి, అంతే పని.

బండి ఇచ్చేముందే అన్నీ అడిగాను. ఎలా తీస్తారు అంటే, హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెట్టి, బ్యాడ్జి వెనక సన్నటి దారంతో కోసి, మిగిలిన జిగురును మందుతో మెత్తబరిచి తీస్తామని యజమాని స్వయంగా చెప్పారు. సరైన పద్ధతి అదే. ఎడమవైపు వెనక తలుపుకు గతంలో ఒకసారి రంగు వేయించారని, అక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలని కూడా చెప్పాను. తర్వాత వేసిన రంగుకు కంపెనీ రంగుకున్న పట్టు ఉండదు, స్టిక్కరుతో పాటే ఊడి రావచ్చు. తల ఊపారు. ఏసీ గదిలో కూర్చోమన్నారు.

ఎంతసేపటికీ పిలవకపోతే లేచి వెళ్లి చూశాను. ఒక అబ్బాయి స్క్రూడ్రైవర్ కొనకు గుడ్డ చుట్టి, డిక్కీ మీద ఆనించి బ్యాడ్జిని పైకి ఎత్తుతున్నాడు. ఇంకొకతను షేవింగ్ బ్లేడుతో తలుపు మీద జిగురు గీకుతున్నాడు. పక్కనే పెయింటు థిన్నరు డబ్బా మూత తీసి ఉంది. ఎండలో నిలబెట్టిన బండి, చెయ్యి పెడితే కాలుతున్న రేకు, దాని మీద థిన్నరు గుడ్డ! ఎడమ వెనక తలుపు తుడిచిన గుడ్డ నీలంగా మారింది. మెటాలిక్ రంగుల్లో అసలు రంగు మీద రంగులేని పారదర్శక పొర ఉంటుంది, దాన్నే క్లియర్ కోటు అంటారు. గుడ్డకు నీలం అంటిందంటే ఆ పొర దాటి కింది రంగు కరిగి వస్తున్నట్టే. ఆపండి అని అరిచాను.

డ్రయ్యరు కాదు కదా, దారం ముక్క కూడా అక్కడ కనపడలేదు.

బండిని నీడలోకి తెప్పించి చూశాను. డిక్కీ మీద బ్యాడ్జి అంచున్న చోట రంగు పెచ్చులూడి ప్రైమరు, అంటే రంగు కింది పూత, బయటపడింది. కుడి తలుపుల మీద బ్లేడు గీతలు. ఎడమ వెనక తలుపు పాలు ఒలికినట్టు తెల్లగా మసకబారింది. యజమానిని పిలిచి చూపిస్తే ఆయన అన్న మాట ఇది: "అవి గీతలు కావు మేడమ్, స్టిక్కరు నీడ. పాలిష్ పెడితే పోతుంది."

స్టిక్కరు నీడ అనేది ఉన్నమాటే. ఏళ్ల తరబడి ఎండ తగిలి చుట్టూ రంగు వెలిసిపోతుంది, స్టిక్కరు కింద మాత్రం కొత్తగా ఉండిపోతుంది. అది తీశాక ఆ ఆకారం అచ్చులా కనిపిస్తుంది. కాంపౌండుతో, అంటే రంగును సన్నగా అరగదీసే ముద్దతో, పాలిష్ చేస్తే చాలావరకు కలిసిపోతుంది. కానీ ఆ నీడ చేతికి తగలదు. నేను ఆయన ముందే గీత మీద గోరు అడ్డంగా పెట్టి లాగాను. గోరు ప్రతి గీత దగ్గరా ఆగింది. గోరు ఆగేంత లోతుంటే పాలిష్‌తో పోదు. క్లియర్ కోటు మందమే దాదాపు 40, 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే పలచన. ఆ గీత మాయమయ్యేదాకా అరగదీస్తే మిగిలేది ఏమిటి? ఇదే అడిగాను.

అప్పుడు ఆయన నా వైపు చూడను కూడా చూడకుండా, పనివాళ్లంతా వింటుండగా అన్నారు: "కార్ల సంగతి మీకు తెలియదు మేడమ్. ఇంట్లో మగవాళ్లు ఎవరైనా ఉంటే పంపండి, వాళ్లతో మాట్లాడతాను."

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. పని చెడగొట్టినందుకు ఒక క్షమాపణ లేదు. అబద్ధం చెప్పి, ఆ అబద్ధం పట్టుబడేసరికి నేను ఆడదాన్నని గుర్తుచేశారు. నా పేరు మీదున్న కారు, నేను కట్టిన డబ్బు, మాట్లాడే అర్హత మాత్రం ఇంట్లో మగవాళ్లకా? బిల్లు ఇవ్వమంటే 'క్లీనింగ్' అని ఒక్క ముక్క రాసి ఇచ్చారు. స్టిక్కర్లు తీసినట్టు దాంట్లో ఎక్కడా లేదు. "పాత బండే కదా" అని వెనక నుంచి ఎవరో అనడం కూడా విన్నాను.

పాత బండి కాబట్టే దాని మీదున్న కంపెనీ రంగు విలువైనది. కంపెనీలో రంగు వేశాక బాడీని సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. బయట రంగు వేసే గదిలో (బూత్‌లో) అంత వేడి పెట్టడానికి వీల్లేదు. వైర్లు, ప్లాస్టిక్, టైర్లు అన్నీ బిగించి ఉంటాయి కాబట్టి 60 డిగ్రీల దరిదాపుల్లోనే ఆరబెడతారు. ఎంత మంచి పెయింటరు వేసినా ఆ మొదటి రంగు తిరిగి రాదు. పైగా మెటాలిక్ రంగు ఒక్క తలుపుకే వేస్తే పక్క తలుపుతో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పక్క ప్యానెల్ మీదికి కూడా కలుపుకుంటూ వెళ్లాలి. రేపు అమ్మబోతే కొనేవాడు రంగు మందం కొలిచే మీటరు పెట్టి, మళ్లీ రంగు వేశారని పట్టేసి, యాక్సిడెంటు బండి అని ధర తగ్గిస్తాడు. స్టిక్కర్లు అలాగే ఉన్నా ఇంత నష్టం ఉండేది కాదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల వరకు గడువుంది. ఈ దుకాణంలోనే దెబ్బతిన్నవారు మీలో ఉంటే మీరూ ఫిర్యాదు వేయండి.

తీయించక తప్పదంటే పని జరుగుతున్నంతసేపూ పక్కనే నిలబడండి, ఏసీ గదిలోకి వెళ్లకండి. ముందే పగటి వెలుగులో నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. బిల్లు మీద చేసే పని పూర్తిగా రాయించండి. ఇనుప పనిముట్టు, థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు రంగు దగ్గరికి రానివ్వకండి. హీట్ గన్ కూడా వద్దు, బంపరు ప్లాస్టిక్ వంకర పోతుంది. చిన్న స్టిక్కరైతే ఇంట్లోనే డ్రయ్యరుతో వెచ్చబెట్టి మెల్లగా లాగండి, మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె రాసి కాసేపు ఉంచి బొటనవేలితో ఉండలు చుట్టండి, తర్వాత షాంపూతో కడగండి. కొన్ని బ్యాడ్జీలకు వెనక పిన్నులుంటాయి, వాటిని తీస్తే రేకుకు రంధ్రాలు బయటపడతాయి. మీ మోడల్‌కు ఉన్నాయో లేదో ముందు కనుక్కోండి.

ఫిర్యాదు మీద వాళ్లేం జవాబిస్తారో రాగానే రాస్తాను.