పార్కు మట్టికి గామా పరీక్ష: ఒక ప్రయోగశాల సేవపై సమీక్ష

పార్కుల మట్టిలో రేడియోధార్మికత ఎంత ఉందో కొలిచి ఇచ్చే ఒక ప్రయోగశాల సేవను మా నివాసుల సంఘం తరఫున ఉపయోగించాము. రేడియోధార్మికతను కొలిచే, చేతిలో ఇమిడే గైగర్ కౌంటర్ ఉండగా ఇంత ఖర్చు ఎందుకని సంఘంలో కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ పరికరం నమోదు చేసే సంఖ్యలో మట్టిలో సహజంగా ఉండే రేడియోధార్మిక మూలకమైన థోరియం వాటా ఎంతో, నడకదారి గ్రానైటు వాటా ఎంతో, విశ్వకిరణాల వాటా ఎంతో విడిగా తెలియదు. ఈ ప్రయోగశాలలో ద్రవ నత్రజనితో చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టర్ గామా కిరణాలను వాటి శక్తిని బట్టి వేరుచేస్తుంది కనుక, శక్తుల గ్రాఫులో 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద శిఖరం కనిపిస్తే అణు విచ్ఛిత్తిలో పుట్టే సీసియం-137 అనీ, 1461 వద్ద కనిపిస్తే సహజంగానే మట్టిలో ఉండే పొటాషియం-40 అనీ చెప్పగలుగుతారు.

నివేదిక ఆలస్యంగా వస్తుంది, కానీ అందుకు కారణం ఉంది. ఆరబెట్టి జల్లించిన మట్టిని గాలి చొరబడని డబ్బాలో మూసి మూడు నాలుగు వారాలు కదపకుండా ఉంచుతారు. మట్టిలో సహజంగా ఉండే రేడియం-226 నుంచి పుట్టే రాడాన్ వాయువు బయటికి పోకుండా నిలిచి, దాని తరువాత పుట్టే సీసం-214, బిస్మత్-214లతో సమతుల్యానికి (పుట్టే వేగం, క్షీణించే వేగం సమానమయ్యే స్థితికి) వస్తేనే రేడియం లెక్క సరిగ్గా తేలుతుంది. రెండు రోజుల్లో రేడియం ఫలితం ఇస్తామనే వారిని ఈ దశ గురించి తప్పక అడగాలి.

నివేదికలో నాకు బాగా నచ్చింది సీసియం వరుస. అక్కడ "లేదు" అని రాయకుండా, "కొలవగల కనిష్ఠ పరిమితి కంటే తక్కువ" అని రాసి ఆ పరిమితిని కూడా ఇచ్చారు. పొటాషియం-40 విలువ కిలోకు సుమారు 400 బెకరెల్‌లనే (బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణు క్షీణత) ప్రపంచ సగటుకు చేరువలోనే ఉంది.

లోపమంతా నమూనా సేకరణ సూచనల్లో ఉంది. "ఒక కిలో మట్టి పంపండి" అంటే సరిపోదు. వాతావరణంలో జరిపిన అణుపరీక్షల నుంచి, 1986 నాటి చెర్నోబిల్ ప్రమాదం నుంచి నేలపై పడిన సీసియం బంకమట్టి కణాలను అంటిపెట్టుకుని, తవ్వని నేలలో ఎక్కువగా పైపొరల్లోనే ఉంటుంది. లారీలతో తెచ్చి పోసిన పార్కు మట్టిలో ఆ క్రమం చెదిరిపోయి ఉండవచ్చు. లోతు, మట్టి పోసిన కాలం నమోదు చేయకపోతే ఎంత ఖరీదైన డిటెక్టర్ అయినా ఆ తేడాను చెప్పలేదు.

మరొకటి: రేడియం తుల్యత (రేడియం, థోరియం, పొటాషియంల ప్రభావాన్ని కలిపి చూపే ఒకే సంఖ్య) పక్కన కిలోకు 370 బెకరెల్‌ల పరిమితిని అచ్చువేశారు. అది భవన నిర్మాణ సామగ్రి కోసం ప్రతిపాదించినదని ఫోన్ చేసి అడిగితేనే చెప్పారు. ఆ ఒక్క వాక్యాన్ని నివేదికలోనే చేర్చవలసింది.