అడయార్ ముఖద్వారం దగ్గర పక్షుల నడక: నాలుగు స్టార్లు

చెన్నైలో బెసంట్ నగర్ బీచ్ నుంచి ఉత్తరంగా, ఊరూర్ ఓల్కాట్ కుప్పం దాటి, అడయార్ నది సముద్రంలో కలిసే చోటి దాకా తీసుకెళ్లే పొద్దుటి నడక ఇది. మనిషికి 600 రూపాయలు. నేనిచ్చే నాలుగు స్టార్లూ గైడ్‌కే.

మేం జనవరిలో వెళ్లాం. ఈశాన్యపు గాలి జోరుగా వీస్తోంది, ఇసుక ఎగిరి కాళ్లకి కొడుతోంది. నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మ కొంగు తలచుట్టూ బిగించుకుని, "ఇంత గాల్లో పిట్టలుంటాయా నాయనా?" అని అడిగింది. "ఉంటాయమ్మా, మనవైపే తిరిగి నిలబడతాయి, చూడండి" అన్నాడు గైడ్, తనకొచ్చిన తెలుగులో.

నిజంగా అలాగే జరిగింది. ఒడ్డు పిట్టలు గాలికి ఎదురుగా నిలబడతాయి. వీపు తిప్పితే ఈకలు రేగిపోతాయి, పైగా ఎదురుగాలిలో పైకి లేవడం తేలిక. ఆయన మమ్మల్ని సముద్రం వైపు ఇసుక మేట మీద, ఎండా గాలీ రెండూ వీపుకి తగిలేలా నిలబెట్టాడు. బురదలో ఉన్న పిట్టల ముక్కులు, రొమ్ములు, కాళ్లు అన్నీ స్పష్టంగా కనిపించాయి. పోటు వస్తే ఆ బురద మునిగిపోతుంది కాబట్టి నడక టైము కూడా ఆటు చూసుకునే పెడతారు.

అన్నిటికన్నా చిన్నవి లిటిల్ స్టింట్‌లు. పాతిక, ముప్పై గ్రాములుంటాయేమో. ఆర్కిటిక్ ప్రాంతంలో గుడ్లు పెట్టి, చలికాలానికి ఇంత దూరం ఎగిరొస్తాయి! గైడ్ పేరు చెప్పి ఊరుకోలేదు, కాళ్లు చూడమన్నాడు. నల్లగా ఉంటే ఇది, పసుపు ఛాయ ఉంటే దీని దగ్గరి చుట్టం టెమ్మింక్స్ స్టింట్. "మా ఊళ్లో ఇలాంటివాటిని ఉల్లంకి పిట్టలంటాం" అని అమ్మ చెబితే ఆ పేరు తన పుస్తకంలో రాసుకున్నాడు. నలుపు తెలుపు లకుముకి పిట్ట ఒకటి ఎదురుగాలికి రెక్కలాడిస్తూ గాల్లోనే నిలిచి, తటాలున నీళ్లలోకి దూకింది. అమ్మ చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది.

దూరంగా కనిపించేది 1977లో కొంత భాగం కూలిన విరిగిన వంతెన. దాని ఫొటో కోసం ఇద్దరు పిట్టల గుంపు మీదుగా నడవబోతే గైడ్ మెల్లగా ఆపాడు. వాటిని ఊరికే లేపితే మేత పోతుంది, ఒంట్లో శక్తీ పోతుందని చెప్పాడు. ఈ ఒక్క సంగతికే నేను ఆయన్ని మెచ్చుకుంటాను.

బైనాక్యులర్లు వాళ్లే ఇస్తారు, 8×42వి, అంటే ఎనిమిది రెట్లు పెంచేవి. గాలి రోజుల్లో అవే మేలు. పది రెట్లు పెంచేవాటిలో చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది. స్టాండు మీద పెట్టే స్కోపు ఊగిపోతుంటే కాళ్లు పొట్టి చేసి, ఇసుకలో కూర్చుని చూపించాడు.

ఐదో స్టారు ఎందుకివ్వలేదంటే, బైనాక్యులర్ ఇద్దరికి ఒకటే ఇచ్చారు. మాకిచ్చినదానికి కంటి దగ్గరి రబ్బరు కప్పు వదులుగా ఉంది. దారిలో బాత్రూమ్ దొరకదన్న మాట బుకింగ్ అప్పుడే చెప్పాలి, పెద్దవాళ్లతో వచ్చేవాళ్లకి అది చిన్న విషయం కాదు. నదిలో మురుగు వాసన కూడా ఉంటుంది, అది నిర్వాహకుల తప్పు కాదు.

వలస పిట్టలు మార్చి, ఏప్రిల్‌లలో ఉత్తరానికి బయల్దేరతాయి కాబట్టి ఫిబ్రవరి లోపే బుక్ చేసుకోండి. కళ్లజోడు ఉంటే మెత్తటి గుడ్డ తీసుకెళ్లండి, ఉప్పుగాలికి అద్దాలు త్వరగా మసకబారతాయి.