ల్యాప్‌టాప్ మరమ్మతుకు ఇచ్చే ముందు ఇది చదవండి: బోర్డు మార్చకుండానే 11,500 తీసుకున్నారు

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలన్నీ ఒకేచోట ఉండే ఆ సముదాయం మీకు తెలిసిందే. అక్కడ ల్యాప్‌టాప్ మరమ్మతుకు ఇవ్వబోతున్నవారు ఆగండి. దుకాణం పేరు రాయడం లేదు. మధ్యాహ్నం జరిగింది, ఇంకా చేతులు వణుకుతున్నాయి.

ముందు సంగతి క్లుప్తంగా. బడి పాఠాల కోసం రెండేళ్ల క్రితం కొన్న ల్యాప్‌టాప్. మూత మూసి సంచిలో పెట్టుకుని బస్సెక్కితే, దిగేసరికి వీపు కాలిపోయేది. రాత్రి నిండుగా ఉన్న ఛార్జింగ్ తెల్లవారేసరికి సగం కూడా మిగిలేది కాదు. ఆ దుకాణంలో చూపిస్తే ఫ్యాన్‌లో దుమ్ము చేరిందని, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు ఎండిపోయిందని 1,500 తీసుకున్నారు. తగ్గలేదు. మళ్లీ వెళ్తే మదర్‌బోర్డు, అంటే లోపలి భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు, పోయిందన్నారు. 11,500 కట్టాను. మార్చామని తిరిగి ఇచ్చిన మర్నాడే సంచి మళ్లీ వేడెక్కింది.

ఈ రోజు వెళ్లి పాత బోర్డు ఇమ్మని అడిగాను. కౌంటర్‌లో ఉన్న మనిషి తలెత్తకుండానే "పారేశాం" అన్నాడు. అయితే కొత్త బోర్డు నంబరు బిల్లు మీద రాసి ఇవ్వమన్నాను. అప్పుడు తలెత్తాడు. అక్కడున్న అందరికీ వినిపించేలా "నంబరుతో మీకేం పని మేడమ్? పాత బోర్డు ఇస్తే కూర వండుకుంటారా?" అన్నాడు. పక్కన స్క్రూలు విప్పుతున్న ఇద్దరు కుర్రాళ్లు నవ్వారు. నా వెనుక నిలబడిన పెద్దాయన ఒకరు తల దించుకున్నారు. పంతొమ్మిదేళ్లుగా పదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. నలభై మంది పిల్లల ముందు ఏనాడూ తడబడని దాన్ని, అక్కడ నోట మాట రాక నిలబడిపోయాను. డబ్బు తిరిగి వచ్చినా ఆ నవ్వు నా చెవుల్లోంచి పోదు.

అక్కడి నుంచి నేరుగా కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి అమ్మాయి నా ఎదుటే అడుగు మూత విప్పింది. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము దళసరిగా పేరుకుని ఉంది. 1,500 తీసుకుని తుడవనే లేదు! బోర్డు నంబరు కంపెనీ రికార్డుతో సరిచూసింది. అమ్మినప్పుడు నమోదైన పాత బోర్డే. పైగా బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. బోర్డు తీయాలంటే ముందు బ్యాటరీ కనెక్షన్ ఊడదీయాలి. కాబట్టి వాళ్లు అసలు విప్పనైనా లేదు, లేదా ఉబ్బిన బ్యాటరీని చూసి కూడా నాకు చెప్పలేదు. ఆ ల్యాప్‌టాప్‌ను రోజూ ఒళ్లో పెట్టుకుని పిల్లల మార్కులు ఎక్కించాను. తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తోంది.

అసలు జబ్బు వేరు. పాత ల్యాప్‌టాప్‌లను నిద్రపుచ్చితే, అంటే స్లీప్‌లో పెడితే, మెమరీకి తప్ప దాదాపు దేనికీ కరెంటు అందేది కాదు. దాన్ని ఎస్3 అంటారు. 2012లో విండోస్ 8తో ఫోను తరహా నిద్ర వచ్చింది. విండోస్ 10 నుంచి దాని పేరు మోడర్న్ స్టాండ్‌బై. అందులో తెర ఆరిపోతుంది కానీ లోపల మెలకువ ఉంటుంది. నెట్‌వర్కో అప్‌డేటో తట్టి లేపితే సంచిలోనే పని మొదలుపెడుతుంది. గాలి ఆడని చోట వేడి ఎక్కడికి పోతుంది? సెంటర్ అమ్మాయి ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ స్లీప్‌స్టడీ' (powercfg /sleepstudy) అనే కమాండు నడిపించింది. నిద్రలో ల్యాప్‌టాప్ ఏం చేసిందో చెప్పే మూడు రోజుల నివేదిక వచ్చింది. రాత్రుళ్లు మూత మూసి ఉన్నా వైఫై కార్డు దాన్ని నిద్రపోనివ్వడం లేదని అందులో స్పష్టంగా ఉంది.

కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్లలో, మూత మూస్తే స్లీప్‌కు బదులు హైబర్నేట్ అయ్యేలా మార్చింది. అప్పుడు ఉన్నదంతా డిస్కులో రాసుకుని యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. దీనికి పైసా తీసుకోలేదు. కొత్త బ్యాటరీకి మాత్రం 4,200 అయింది.

ఇందులో నా తప్పు కూడా ఉంది. నెల క్రితమే మా తమ్ముడు ఫోనులో "అక్కా, ముందు ఆ కమాండు కొట్టి చూడు" అన్నాడు. దుకాణం వాళ్లకు తెలియనిది వీడికేం తెలుసని కొట్టిపారేశాను. అప్పుడే విని ఉంటే 13,000 మిగిలేవి, బ్యాటరీ కూడా ఇలా అయ్యేది కాదేమో.

మీ ల్యాప్‌టాప్ కూడా మూత మూసినప్పుడు వేడెక్కుతుంటే ముందు ఆ నివేదిక తీసి చూడండి. టచ్‌ప్యాడ్ ఒకవైపు పైకి లేస్తే వెంటనే ఛార్జింగ్ ఆపండి, అది బ్యాటరీ ఉబ్బడం కావచ్చు. బోర్డు మార్పిస్తే పాతది చేతికి తీసుకుని, కొత్తదాని నంబరు బిల్లు మీద రాయించుకోండి.

ఇంటికి రాగానే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం దగ్గరే ఉంది. అదే దుకాణంలో మదర్‌బోర్డు మార్పించుకున్నవారు ఎవరైనా ఉంటే, మీ బిల్లు మీద బోర్డు నంబరు ఉందో లేదో చూసి చెప్పండి.