తెలుగు వికీసోర్స్: చాన్నాళ్లు వాడిన ఒక లైబ్రేరియన్ మాట

లైబ్రరీకి పనికొస్తుందని ఎవరు ఏ వెబ్‌సైట్ పేరు చెప్పినా తెరిచి చూడటం నాకు అలవాటు. క్విజ్‌లు పెట్టేవి, పోస్టర్లు తయారుచేసేవి, గోడకు చీటీలు అంటించినట్టు పాఠకులతో అభిప్రాయాలు రాయించేవి చాలానే వాడాను. ఎక్కువ వాటితో వచ్చే చిక్కు ఒకటే. తెలుగు కొడితే ఒత్తులు చెదిరిపోతాయి. లేదంటే కొన్నాళ్లు ఉచితమని చెప్పి, మనం అలవాటు పడ్డాక డబ్బులు అడుగుతాయి. మా పాఠకులు ఎంతో ఇష్టంగా రాసిన మాటలు అలా ఒక సైట్‌లో ఇరుక్కుపోయాయి. బయటికి తీసుకునే దారే లేదు. అప్పటి నుంచి ఏది కొత్తగా కనబడినా రెండు సంగతులు ముందే చూసుకుంటున్నాను: తెలుగు సరిగ్గా పలుకుతుందా, మనం పెట్టింది మళ్లీ మన చేతికి వస్తుందా. ఆ రెండూ ఉండి, ఇన్నేళ్లుగా నా పనిలో నిలబడింది తెలుగు వికీసోర్స్, పాత పుస్తకాలను పాఠకులే దిద్ది అందరికీ ఉచితంగా ఉంచే సైట్.

2005లో మొదలైన ఈ సైట్‌ను చాలామంది పాత పుస్తకాల అలమారా అనుకుంటారు. చదివి వచ్చేవాళ్లకు అంతే. ఖాతా తెరిచి పనిలోకి దిగితేనే అసలు సంగతి తెలుస్తుంది. తెర మీద ఒక పక్క పాత పుస్తకం స్కాన్ పేజీ, ఇంకో పక్క ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్) చదివి తీసిన పాఠం ఉంటాయి. రెండింటినీ పోల్చి తప్పులు దిద్ది, పేజీ ఏ దశలో ఉందో గుర్తు పెట్టాలి. ఎరుపు అంటే ఇంకా దిద్దలేదు. పసుపు అంటే ఒకరు దిద్దారు. ఆకుపచ్చ అంటే రెండోవాళ్లు కూడా సరిచూశారు. పసుపు చేసినవాళ్లే ఆకుపచ్చ చేయడానికి వీల్లేదు. నాకు దీని మీద గురి కుదిరింది ఈ ఒక్క నియమం వల్లే. అచ్చులో ప్రూఫులు చూసినవాళ్లకు తెలుసు, తాను చేసిన తప్పు తన కంటికి కనబడదు.

ఓసీఆర్ కొత్త అచ్చును బాగానే చదువుతోంది. ఇబ్బందంతా పాత అచ్చు దగ్గరే. సిరా పలచబడిన చోట ‘ధ’ పోయి ‘ద’ మిగులుతుంది. ‘ష’, ‘ప’, ‘వ’ ఒకదాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంటాయి. అరసున్నను ఇంగ్లీషు ‘సీ’ అనుకుంటుంది, లేకపోతే బ్రాకెట్ అనుకుంటుంది. అరసున్న, బండి ర ఫోన్ కీబోర్డులో వెతుక్కోవాలి గానీ ఇక్కడ దిద్దే పెట్టె పైనే ప్రత్యేక అక్షరాల పట్టిక ఉంది, నొక్కితే పడతాయి. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక రెండూ సైట్‌లోనే ఉన్నాయి. కంట్రోల్, ఎం కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారిపోవచ్చు.

రిటైరైన తెలుగు పండితులొకరు రోజూ పొద్దున పేపరుకని మా లైబ్రరీకి వస్తారు. ఒకసారి నేను పద్యాల పేజీ దిద్దుతుంటే వెనక నిలబడి చూశారు. “బిడ్డా, ఆ అరసున్న ఎందుకు తీసేస్తున్నవ్? అచ్చుల ఎట్లుంటే అట్లనే ఉండాలె” అన్నారు. “తియ్యలేదు సార్, అది ఇంగ్లీషు అక్షరం పడ్డది. దాన్ని తీసి అరసున్న పెడుతున్న” అని చూపించాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇప్పుడు ఆయనకూ ఖాతా ఉంది. నేను పసుపు చేసిన పేజీలు ఆయన ఆకుపచ్చ చేస్తారు. మౌస్ కొత్తలో చేతికి లొంగలేదు గానీ ఛందస్సు తప్పిన పాదం మాత్రం ఇట్టే పట్టేస్తారు. యతి కుదరకపోతే అక్కడ ఓసీఆర్ ఏదో మింగిందని ఆయన లెక్క. నిజంగానే చాలాసార్లు అక్కడ ఒక అక్షరం తక్కువే ఉంటుంది.

ఏ పుస్తకం పెట్టొచ్చో తెలియక చాలామంది వెనకాడతారు. మన చట్టం ప్రకారం రచయిత బతికుండగా వేసిన పుస్తకానికి, ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు హక్కులుంటాయి. మన పాలమూరు వాడు సురవరం ప్రతాపరెడ్డి 1953లో కన్నుమూశారు. అంటే 2014 జనవరి నుంచి ఆయన రచనలు అందరివీ.

ఈ పేరు మా లైబ్రరీలో రోజూ వినబడుతుంది. మా దగ్గర కూర్చునేవాళ్లలో సగానికి పైగా గ్రూప్స్‌కి చదివే పిల్లలే. నీలగిరి పత్రిక 1922, సురవరం నడిపిన గోలకొండ పత్రిక 1926, ఆయనే కూర్చిన గోలకొండ కవుల సంచిక 1934, అందులో 354 మంది కవులు అని గైడు చూసి బట్టీ పడుతుంటారు. ఒకబ్బాయికి ఆ సంచిక స్కాన్ తీసి చూపిస్తే, “మేడం, మా ఊరి దిక్కు కవులు కూడా ఉన్నరా ఇందుల?” అని పరీక్ష సంగతి పక్కనపెట్టి పేజీలు తిప్పుతూనే ఉన్నాడు.

ఆ స్కాన్లు వెతకడం మాత్రం పెద్ద తలనొప్పి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన తెలుగు పుస్తకాల పేర్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరి స్పెల్లింగ్ వాళ్లదే అన్నట్టు ఉంటాయి. తెలుగులో కొడితే దొరకవు. రచయిత ఇంటిపేరు ఒక్కటే కొట్టి, దాన్నే రెండు మూడు రకాలుగా మార్చి చూడండి. వికీసోర్స్‌లో ఈ బాధ లేదు. దిద్దిన పుస్తకంలో పద్యం సగం పాదం గుర్తున్నా వెతకొచ్చు. ఈపబ్ అనే ఈ-పుస్తకం రూపంలో దించుకుంటే అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకు టాబ్‌లో అలా పెట్టిస్తే ఎంత సంతోషపడతారో!

ఆదివారాల్లో నాకు కాలక్షేపం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, వికీసోర్స్ లాగే అందరూ కలిసి దిద్దే ఉచిత మ్యాపు. ఊళ్ల పేర్లు తెలుగులో చేర్చడం, శాఖా గ్రంథాలయాలు ఎక్కడున్నాయో, ఎన్ని గంటలకు తెరుస్తారో పెట్టడం నా పని. పానగల్ మన నల్లగొండ పక్కన ఒకటుంది, వనపర్తి జిల్లాలో ఒకటుంది. ఇలాంటివి స్థానికులే సరిచూడాలి. మన పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం చుట్టూ దారులు నడిచి చూసి గీశాను. హక్కులున్న ఇంకో మ్యాపు చూసి ఎక్కించడం దీంట్లో నిషిద్ధం, అది గుర్తుంచుకోవాలి.

వికీసోర్స్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఫోన్‌లో దిద్దడం నరకం. స్కాన్, పాఠం పక్కపక్కన పట్టవు. నెట్ నెమ్మదిగా ఉన్న రోజు స్కాన్ బొమ్మ రానే రాదు. పట్టికలున్న పేజీకి కోడ్ రాయాలి, కొత్తవాళ్లు అక్కడే ఆగిపోతారు. అన్నిటికంటే బాధ కలిగించేది, పసుపు పేజీలు పసుపుగానే మిగిలిపోవడం. దిద్దేవాళ్లే తక్కువ, రెండోసారి చూసేవాళ్లు ఇంకా తక్కువ. దీనికి సైట్‌ను అని లాభం లేదు.

అందుకే కొత్తగా వచ్చేవాళ్లు ఎర్ర పేజీతో మొదలుపెట్టొద్దని చెబుతాను. మీకు ఇష్టమైన పుస్తకంలో ఒక పసుపు పేజీ కంప్యూటర్ మీద తెరవండి. పద్యాల జోలికి అప్పుడే పోకుండా వచనం ఉన్నది ఎంచుకోండి. స్కాన్‌ను ఓసారి పెద్దది చేసుకుని, పైనుంచి కిందికి, గట్టిగా చదువుతూ పోల్చుకోండి. తప్పు కనబడితే దిద్దండి, కనబడకపోతే ఆకుపచ్చ నొక్కి భద్రపరచండి. అనుమానం వస్తే పేజీకి చర్చ విభాగం ఉంది, అక్కడ అడగండి. తెలిసినవాళ్లు ఓపిగ్గా చెబుతారు.