మసాయి మారా సఫారీ: ఏ నెల, ఏ గేటు, ఏ బండి

కెన్యా ప్యాకేజీ బ్రోచర్లలో మొదటి ఫోటో ఎప్పుడూ డేరాదే. లోపల మంచం, అద్దం, ఒక్కోసారి బాత్‌టబ్బు. తెల్లారకముందే బయటికి వెళ్లి చీకటి పడ్డాక తిరిగొచ్చేవాళ్లకి వాటితో పెద్దగా పనుండదు. ఏ నెలలో వెళ్తున్నారు, బస అభయారణ్యం (రిజర్వు) గేటుకి లోపలా బయటా, ఎక్కే బండి ఏది అన్న మూడింటి మీదే ఏం చూస్తారన్నది ఆధారపడుతుంది. బడ్జెట్ కూడా ఆ వరసలోనే వేసుకోవాలి.

పక్కనున్న టాంజానియాలోని సెరెంగెటి నుంచి వైల్డ్‌బీస్ట్ (దున్నలాంటి అడవి జంతువు) మందలు మారాలోకి సుమారుగా జూలై చివర్లో వస్తాయి, అక్టోబరులో వెనక్కి మళ్లుతాయి. అవి మారా నది దాటడానికి ముహూర్తం ఉండదు. ఒడ్డుదాకా వచ్చి, గంటల తరబడి నిలబడి, వెనక్కి పోయే రోజులూ ఉంటాయి. ఫలానా రోజు క్రాసింగ్ చూపిస్తామని హామీ ఇచ్చే ఏజెంటుని నమ్మకండి. సింహాలు, చిరుతలు, ఏనుగులు చాలనుకునేవాళ్లకి జనవరి, ఫిబ్రవరి మేలు. వానలు తక్కువ, జనం తక్కువ, ప్రవేశ రుసుం సగం. మార్చి చివరి నుంచి మే దాకా పెద్ద వానలు. మారాలో చాలాచోట్ల నల్లరేగడి నేలే. వాన పడ్డ రేగడిలో బండి సంగతి గుంటూరు, కర్నూలు వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

రుసుం లెక్క ముందే తెలుసుకోకపోతే వందల డాలర్లు ఊరికే పోతాయి. విదేశీ పెద్దలకి జనవరి నుంచి జూన్ దాకా రోజుకి 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబర్ దాకా 200. టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే చెల్లుతుంది. బస గేటు బయట ఉండి, మధ్యాహ్నం మూడింటికి చేరి, వచ్చాం కదా అని జంతువుల్ని చూసే సాయంత్రం డ్రైవ్‌కి వెళ్తే మూడు గంటల కోసం పూర్తి టికెట్ ఖర్చయినట్టే. ఆ పూట క్యాంపులో పడుకుని మర్నాడు ఆరింటికి గేటు దగ్గర ఉండటం తెలివైన పని. లోపల బస చేసేవాళ్లు ఆఖరి రోజు ఉదయం 10 లోపు బయటపడాలి, లేదంటే మరో టికెట్. ప్యాకేజీలో 'పార్క్ ఫీజులతో కలిపి' అని ఉంటే ఎన్ని రోజులకో రాతపూర్వకంగా అడగండి. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

బసల్లో తేడాలు ఇవి. సెకెనాని, టాలెక్ గేట్ల బయటి క్యాంపులు చవక. కరెంటు, వేడినీళ్లు కొన్ని గంటలే ఉండొచ్చు కాబట్టి వేళలు కనుక్కోండి. రిజర్వు లోపల కీకొరోక్ లాడ్జి పాతది, గదులు సాదా. కానీ చెక్క వంతెన మీద నడుచుకుంటూ వెళ్తే నీటిగుర్రాల మడుగు. నదికి పడమటి వైపున్న మారా ట్రయాంగిల్‌ని మారా కన్జర్వెన్సీ అనే సంస్థ నడుపుతుంది. అక్కడ బండ్ల రద్దీ తక్కువ, నిబంధనల అమలు గట్టి. కొండమీది మారా సెరెనా లాడ్జి ఆ భాగంలోదే. ఇక నబోయిషో, ఒలారే మొటొరోగి, మారా నార్త్ లాంటివి స్థానిక తెగ మసాయిల సొంత భూముల్లోని కన్జర్వెన్సీలు, అంటే రిజర్వు బయటి సంరక్షణ ప్రాంతాలు. పడకల సంఖ్య పరిమితం, జంతువు చుట్టూ చేరే బండ్లూ పరిమితమే. రిజర్వులో కుదరని రాత్రి డ్రైవ్, కాలినడక ఇక్కడ దొరుకుతాయి. ఖరీదు ఎక్కువే. అయినా డేరా హంగుల మీద పెట్టే డబ్బు ఇక్కడ రెండు రాత్రులకి పెట్టి, ఒక్క పగలు మాత్రం వేరే టికెట్‌తో రిజర్వులోకి వెళ్లడం మంచి బేరం.

బండి విషయంలో పైకప్పు లేచే ఫోర్ వీల్ డ్రైవ్ లాండ్ క్రూయిజరే అడగండి. వ్యాన్ చవక, కానీ వానలో మొదట దిగబడేది అదే. బండికి ఎంతమంది, ప్రతి ఒక్కరికీ కిటికీ సీటు ఉందా, కిలోమీటర్ల పరిమితి ఉందా అన్న మూడు ప్రశ్నలకి జవాబు రాకుండా అడ్వాన్స్ కట్టొద్దు. నైరోబి నుంచి నరోక్ పట్టణం మీదుగా రోడ్డు మార్గం ఐదారు గంటలు. మారాకి వెళ్లే చిన్న విమానాలు నైరోబిలోని విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఎగురుతాయి, అంతర్జాతీయ విమానం దిగే చోటు నుంచి కాదు. మధ్యలో నగరం ట్రాఫిక్ ఉంది కాబట్టి ఒక రాత్రి నైరోబిలో ఆగడం క్షేమం. ఆ విమానాల్లో సాధారణంగా చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగులోనే. చక్రాల గట్టి సూట్‌కేసు లగేజీ అరలో పట్టదు.

తయారీ మొదలవ్వాల్సింది ఎల్లో ఫీవర్ టీకాతో. భారత్ నుంచి నేరుగా వెళ్లేవాళ్లని కెన్యా దీన్ని అడగదు. అడిగేది తిరిగొచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్టే. టీకా కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. వేసుకున్న పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది, ఇక జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒక సీసాలో పలువురికి సరిపడా మందు ఉంటుంది, తెరిచాక కొన్ని గంటల్లో వాడేయాలి. అందుకే ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని, పాస్‌పోర్ట్ తీసుకెళ్లండి. 60 దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా వేయించుకోకూడదు. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు టికెట్లు కొనకముందే ఇది తేల్చుకోవాలి.

వీసా స్థానంలో 2024 నుంచి ఈటీఏ (ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) వచ్చింది. దాని పేరుతో ఎక్కువ డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి. అసలు సైటు చిరునామా 'గో డాట్ కేఈ'తో ముగుస్తుంది.

మారా సముద్రమట్టానికి 1500 మీటర్ల పైన ఉంది. జూలై తెల్లవారుజామున స్వెట్టర్, పైన గాలి ఆపే జాకెట్ ఉండాల్సిందే. ముదురు నీలం, నలుపు రంగులు కుట్టే సెట్సీ ఈగల్ని లాగుతాయి. వాటిని పట్టే ఉచ్చులు కట్టేది ఆ రంగు గుడ్డతోనే. కాబట్టి జీన్స్ ఇంట్లో పెట్టి ఖాకీ, బూడిద రంగులు సర్దుకోండి. సైనికుల మచ్చల బట్టలు (కామోఫ్లాజ్) వద్దు. అనుమతి లేని డ్రోన్‌ని ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు. 8×42 బైనాక్యులర్ మనిషికొకటి ఉండాలి. చేతులు మారేలోపు చీతా గడ్డిలో కలిసిపోతుంది. బండిలో ట్రైపాడ్ నిలవదు. ఖాళీ గుడ్డసంచి తీసుకెళ్లి, అక్కడ బియ్యమో చిక్కుడు గింజలో నింపి కిటికీ మీద పెడితే 400 ఎంఎం లెన్స్ కుదురుగా ఉంటుంది. దుమ్ము పడకుండా కెమెరాకి దిండు గలీబు చాలు. ప్లగ్గులు బ్రిటిష్ తరహావి, మూడు పలక పిన్నులు.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల్ని కెన్యా 2017 ఆగస్టులో నిషేధించింది. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లేవాళ్లు మరమూత స్టీలు డబ్బాల్లో సర్ది, గుడ్డసంచిలో పెట్టి చెక్-ఇన్ బ్యాగులో వేయాలి. గుజరాతీలు తరతరాలుగా ఉన్న దేశం కాబట్టి పప్పు, చపాతీ చాలా లాడ్జీల్లో దొరుకుతాయి. ఇబ్బంది మధ్యాహ్నం ప్యాక్ చేసిచ్చే డబ్బాతోనే. శాకాహారమని ముందు రాత్రి చెప్పకపోతే కోడిముక్కలో గుడ్డో వస్తుంది. గైడ్‌కి మనిషికి రోజుకి పది డాలర్ల చొప్పున టిప్పు అనుకోండి. చిరిగినవి, గీతలున్నవి, పాత సిరీస్ డాలర్లు తీసుకోరు.

మలేరియా మాత్రలు డాక్టరు రాసినవే వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే తిరిగొచ్చాక నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ఏడు రోజులు కొనసాగించాలి. ఇల్లు చేరాం కదా అని చాలామంది మధ్యలో ఆపేస్తారు. వచ్చిన మూడు నెలల్లోపు జ్వరం తగిలితే కెన్యా వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకి చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి.