ఏపీ గోడ మ్యాప్: మ్యాప్ సూపర్, కింద సిటీల ర్యాంకుల టేబుల్ మాత్రం జాగ్రత్త (5కి 3.5)

మా తమ్ముడు గ్రూప్-2 చదువుతున్నాడు, వాడి రూమ్‌లో పెట్టుకోడానికి కర్నూల్ పాత బస్టాండ్ దగ్గర ఒక బుక్ షాపులో తీసుకున్నా. 220 చెప్పాడు, అడిగితే 180కి ఇచ్చాడు. లామినేషన్ మందంగానే ఉంది, పైనా కిందా పట్టీలు గట్టివే, ఫ్యాన్ గాలికి చుట్టుకుపోవట్లేదు. 2022లో జిల్లాలు 26 అయ్యాక వేసింది కాబట్టి నంద్యాల, అన్నమయ్య అన్నీ వేరే రంగుల్లో ఉన్నాయి. మ్యాప్ వరకు పేరు పెట్టడానికేం లేదు.

నేను కొన్నది మాత్రం కింద మూలనున్న టేబుల్ చూసి. పెద్ద ఊర్లు అప్పుడు ఎట్లుండె ఇప్పుడు ఎట్లున్నాయి అని 1901, 2001, 2011 జనాభా లెక్కలు పక్కపక్కన వేశారు. 1901 వరస చూస్తే మతి పోతుందబ్బా. ఇప్పటి ఏపీ ఊర్లలో అప్పుడు ఫస్టు కాకినాడ, 48 వేలు, దాని వెనక వైజాగ్ 40 వేలు, తర్వాత బందరు 39 వేలు. బెజవాడ 24 వేలంట, మన కర్నూలు 25 వేలు! మనకంటే ఆదోని పెద్దది, 30 వేలు, అది అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండె. అనంతపురం ఎనిమిది వేలు కూడా లేదు. తర్వాత బెజవాడ పెద్ద రైలు జంక్షన్‌గా పెరిగింది, వైజాగ్‌కి 1933లో హార్బర్, ఆ తర్వాత నేవీ, రిఫైనరీ, స్టీల్ ప్లాంట్ వరసపెట్టి వచ్చాయి, బందరు అట్లే ఉండిపోయింది. మన కర్నూల్లో 1953 నుంచి 56 దాకా రాజధాని ఉండె గానీ మూడేళ్లకే హైదరాబాద్ పోయె, ఇంక దాని గురించి ఎత్తితే రాత్రంతా రాయాలి.

ఇంక తలనొప్పి 2001, 2011 దగ్గర. 2001 వరసలో హైదరాబాద్ లేదు, వరంగల్ లేదు. అప్పుడు రాష్ట్రం ఒకటే కదా సామీ, వైజాగ్, విజయవాడ తర్వాత గుంటూరు కంటే ముందు వరంగల్ ఉండె. విడిపోయింది 2014లో. ఇప్పటి ఏపీ వరకే తీసుకున్నాం అని కింద ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది, పరీక్షలో ఉమ్మడి రాష్ట్రం అని అడిగితే పిల్లోళ్లు పొరపాటు పడతారు.

కడప ముందర ఎర్ర బాణం పెట్టి శరవేగంగా పెరిగిన నగరం అన్నారు. 2001లో లక్షా పాతికవేల చిల్లర, 2011లో మూడు లక్షల నలభై నాలుగు వేలు, నిజమే, కానీ పదేళ్లలో అంతమంది యాడనుంచి వచ్చారు? 2004లో కార్పొరేషన్ చేసి చుట్టుపక్కల పంచాయతీలు కలిపారు. ఆ జనం అంతకుముందూ అక్కడే ఉన్నారు, 2001లోనే చుట్టుపక్కలతో కలిపితే కడప రెండు లక్షల అరవై వేలు దాటింది. మన కర్నూలు అంకెలోనూ కల్లూరు కలిసింది, వైజాగ్‌కి గాజువాక. హద్దు జరిపితే ర్యాంకు జరుగుతుంది, ఆ సంగతి ఈ టేబుల్లో ఎక్కడా లేదు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది తిరుపతి దగ్గర. దానికి శివార్లతో కలిపి 4.6 లక్షలు వేసి, కడపకి 3.44 వేసి, తిరుపతిని పైన పెట్టారు. కార్పొరేషన్ వరకే చూస్తే తిరుపతి 2.87 లక్షలే, కడపే పైన. శివార్లతో చూస్తారా, రాజమండ్రి, తిరుపతి, కాకినాడ మూడూ కడపని దాటేస్తాయి, సరే, కానీ అందరికీ అదే లెక్క పెట్టాలి కదా. ఒకరికి చెప్పుల్తో, ఇంకొకరికి చెప్పుల్లేకుండా ఎత్తు కొలిచినట్టుంది. కర్నూలుకి మాత్రం ఎట్ల చూసినా అయిదో స్థానమే, వైజాగ్, విజయవాడ, గుంటూరు, నెల్లూరు తర్వాత.

2021 జనాభా లెక్కలు జరగలేదు కాబట్టి 2011 అంకెలే ఇంకా నడుస్తున్నాయి, అది వీళ్ల తప్పు కాదు. 2027 లెక్కలు వచ్చాక ఈ టేబుల్ మారుస్తారో, పైన సంవత్సరం మార్చి మళ్లీ అమ్ముతారో చూడాలి. మా వాడు తిరుపతి గడి పక్కన స్కెచ్ పెన్నుతో 2.87 రాసుకున్నాడు.

180కి పర్లేదు, 220 మాత్రం పెట్టొద్దు. షాపతను చుట్టేసి రబ్బరు బ్యాండ్ వేసి ఇస్తాడు, అక్కడే విప్పించి చూసుకోండి, నాకు ముందు ఇచ్చినదాంట్లో కింద పట్టీ ఊడిపోయి ఉండె, అడిగితే గమ్మున మార్చిచ్చాడు.